217వ ఎలుకలో ఒక గీత లేదు

ఫిబ్రవరి 5

రేపు మొదటి ఇంజెక్షన్. రాత్రికి నిద్ర పట్టేలా లేదు, అందుకే డైరీ ఇవాళే మొదలుపెడుతున్నా.

పని ఇదీ. మగ చిట్టెలుకలకు ఈఎన్‌యూ, అంటే ఇథైల్ నైట్రోసోయూరియా అనే రసాయనం ఎక్కిస్తాం. అది డీఎన్‌ఏ అక్షరాలకు ఒక ఇథైల్ ముక్కను అంటిస్తుంది, కణం తర్వాత కాపీ తీసుకునేటప్పుడు ఆ అక్షరాన్ని తప్పు చదువుతుంది, అక్కడొకటి ఇక్కడొకటి అక్షరాలు మారిపోతాయి. అలా మారినవి వృషణాల్లోని మూలకణాల్లో ఉంటే ఆ మార్పు శుక్రకణం ద్వారా పిల్లకు వస్తుంది. మేం తండ్రిలో ఏం మారిందో వెతకం. పిల్ల రక్తంలో ప్రొటీన్లు ఎలా ఉన్నాయో చూసి, ఏదైనా తేడా కనిపిస్తే అది ఆ పిల్లకు పుట్టే పిల్లలకూ వెళ్తుందా అని చూస్తాం.

1979లో టెనెస్సీలోని ఓక్ రిడ్జ్‌లో విలియం రసెల్ బృందం ఈఎన్‌యూ సంగతి బయటపెట్టింది. 600 రాంట్‌జెన్‌ల ఎక్స్‌రే ఒకేసారి ఇస్తే వచ్చే మ్యుటేషన్లకు, అంటే ఇలాంటి అక్షరాల మార్పులకు, దాదాపు 5 రెట్లు వచ్చాయి. ఆయన చూసింది ప్రొటీన్లను కాదు, బొచ్చు రంగు, చెవి సైజు లాంటివి నిర్ణయించే 7 జన్యువులను. కంటికి కనిపించేవి కాబట్టి వేల పిల్లల్ని చకచకా చూసేయొచ్చు. కానీ ఆ ఏడూ తప్ప మిగతా వేల జన్యువుల సంగతి? ఆ ప్రశ్న కోసమే ఈ ప్రొటీన్ల దారి.

నేనుండేది నార్త్ కరోలైనాలో, మోరిస్‌విల్ దగ్గర. ఇక్కడి రీసెర్చ్ ట్రయాంగిల్‌లోనే ఫ్రాంక్ జాన్సన్, సూసన్ లూయిస్ 1981లో ఈఎన్‌యూ ఎక్కించిన ఎలుకల పిల్లల్ని ఎలక్ట్రోఫొరెసిస్‌తో (జెల్ మీద కరెంటు పెట్టి ప్రొటీన్లను గీతలుగా విడదీసే పద్ధతి) వరసగా పరీక్షించి మ్యుటేషన్లు పట్టుకున్నారు. పక్కనున్న కేరీలో మన వాళ్లు వేలల్లో ఉన్నారు, వాళ్లలో చాలామంది రోజూ ఆఫీసుకు పోయే దారి పక్కనే ఈ పని జరిగిందంటే నాకు ఇప్పటికీ ఏదోలా ఉంటుంది. మా ల్యాబ్ వాళ్లది కాదు, ఒక యూనివర్సిటీది. పద్ధతి మాత్రం వాళ్లదే.

ఫిబ్రవరి 6

ఈఎన్‌యూ 1 గ్రాము సీసాలో వస్తుంది. మూత తీయం. సూదితోనే 95 శాతం ఆల్కహాల్ 10 మి.లీ. లోపలికి ఎక్కించి, పసుపు పొడి మొత్తం కరిగేదాకా మెల్లగా తిప్పి, తర్వాత ఫాస్ఫేట్-సిట్రేట్ బఫర్ 90 మి.లీ. కలుపుతాం. బఫర్ పీహెచ్ 5 ఉండాలి, పుల్లదనం తగ్గితే ఈఎన్‌యూ విరిగిపోతుంది. వెలుతురు కూడా పడదు, కాబట్టి సీసాకు ఫాయిల్ చుట్టి ఉంచాం.

లెక్క ప్రకారం మి.లీ.కి 10 మి.గ్రా. ఉండాలి. లెక్కను నమ్మొద్దని మా ల్యాబ్ అక్క (వరంగల్ ఆవిడ, నాకంటే నాలుగేళ్లు సీనియర్) ముందే చెప్పింది. పదింతలు పలచన చేసి 398 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూస్తే 0.66 వచ్చింది. మి.లీ.కి 1 మి.గ్రా. ఉంటే 0.72 రావాలి. అంటే మాది 9.2 దగ్గర ఉంది. కిలోకు 85 మి.గ్రా. చొప్పున 25 గ్రాముల ఎలుకకు 0.21 బదులు 0.23 మి.లీ. ఇవ్వాలన్నమాట. ఈ తేడా చూడకపోతే మందు తక్కువే పడేది.

30 మగ ఎలుకలు, అన్నీ బీ6 జాతివి, నల్లవి. ఇంకో 6 ఎలుకలకు ఉత్త బఫర్. రెండు జతల గ్లౌజులు, మాస్క్, పైన గౌను. ఇది మనిషికీ ప్రమాదమే, చేతికి ఒక్క చుక్క తగలకూడదు. మిగిలిన ద్రావణం, సిరంజిలు అన్నీ క్షారం కలిపిన థయోసల్ఫేట్‌లో ముంచి హుడ్‌లో లైటు వేసి రాత్రంతా వదిలేశాం. బోన్ల అడుగున పరిచిన పొట్టు కూడా మామూలు చెత్తలో వేయడానికి లేదు.

ఫిబ్రవరి 20

మూడో డోసు అయిపోయింది. వారానికొకటి, మూడు వారాలు. ఒకేసారి పెద్ద డోసు ఇస్తే చాలా ఎలుకలు తట్టుకోలేవు, విడతలుగా ఇస్తే మూలకణాలు కొన్ని బతికి బయటపడతాయి, మ్యుటేషన్లు కూడా ఎక్కువ దొరుకుతాయి.

మార్చి 28

రెండు ఎలుకలు చనిపోయాయి. వారం నుంచి రోజూ బరువు చూస్తున్నా, తగ్గుతూ వచ్చాయి. మనం ఎంచుకుని ఇచ్చిన మందు వల్లే పోయాయి, ఆ మాట రాయకుండా ముందుకెళ్లకూడదు అనిపించింది.

మే 16

టెన్షన్ ఎక్కువగా ఉంది. 12 వారాలు దాటాయి, ఒక్క ఆడ ఎలుకకూ కడుపు రాలేదు.

ఇలా అవ్వాలనే చేశాం, ఆ సంగతి తెలుసు. మందు పడ్డప్పటికే తయారై ఉన్న శుక్రకణాలతో మొదటి కొన్ని వారాలు పిల్లలు పుడతాయి, వాటిని మేం తీసుకోలేదు. ఆ తర్వాత సరుకు అయిపోతుంది, ఎందుకంటే కొత్తవి తయారుచేసే కణాలు చాలావరకు చచ్చిపోయి ఉంటాయి. మిగిలిన కొద్ది మూలకణాలు మళ్లీ పెరిగి, వాటి నుంచి శుక్రకణాలు రావాలి. అలా తిరిగొచ్చిన మగ ఎలుకల పిల్లలే మాకు కావాలి. అసలు గొడ్డుతనం రాకపోతే మందు సరిగ్గా పడలేదని అర్థం, వచ్చి పోకపోతే మూలకణాలన్నీ పోయాయని అర్థం. రెంటి మధ్యలో ఉండాలి మనం.

మే 27

ఐదు బోన్లలో ఆడ ఎలుకలకు కడుపులు కనిపిస్తున్నాయి! అక్కకు ఫోన్ చేస్తే "చెప్పిన కదరా తమ్ముడూ, ఆగమాగం కావద్దని" అంది.

జులై 3

30లో 4 చనిపోయాయి, 3 ఇక ఎప్పటికీ కోలుకునేలా లేవు, 23 పిల్లల్ని ఇస్తున్నాయి. తల్లులన్నీ డీబీఏ జాతివి. ఈ జత ఎందుకో కాస్త వివరంగా రాయాలి, ప్రాజెక్టు మొత్తం దీని మీదే నిలబడింది.

మ్యుటేషన్ ప్రొటీన్‌ను రెండు రకాలుగా మార్చొచ్చు. ఒకటి, అమైనో ఆమ్లం మారి విద్యుదావేశం తేడా వస్తే జెల్‌లో గీత పక్కకు జరుగుతుంది. చూడగానే తెలుస్తుంది. కానీ అమైనో ఆమ్లాల మార్పుల్లో ఆవేశం మారేవి సుమారు మూడో వంతే, మిగతావి గీతను కదిలించవు. రెండోది, ప్రొటీన్ అసలు తయారే కాకపోవడం. ఈ రెండోదే కష్టం. పిల్లకు ఒక కాపీ తల్లిది, ఒక కాపీ తండ్రిది ఉంటాయి. తండ్రి కాపీ పాడైనా తల్లి కాపీ గీత అక్కడే ఉంటుంది, కాకపోతే కాస్త పలచగా. ఆ పలచదనాన్ని కంటితో చూసి నమ్మలేం.

అందుకే తల్లీతండ్రీ గీతలు వేర్వేరు చోట్ల పడే జాతుల్ని జత కడతారు. బీ6, డీబీఏ జాతులకు హిమోగ్లోబిన్ బీటా గొలుసు, గ్లూకోజ్ ఫాస్ఫేట్ ఐసోమరేజ్ (ఇక నుంచి జీపీఐ), కార్బానిక్ యాన్‌హైడ్రేజ్ 2, ప్లాస్మాలోని ఎస్టరేజ్ 1, ఈ నాలుగు ప్రొటీన్లూ తేడాగా ఉంటాయి. పిల్లలో రెండు రకాలూ కనిపించాలి. తండ్రి గీత కనిపించలేదంటే ఏదో జరిగినట్టే. ఇవి కాక ఆల్బుమిన్, ట్రాన్స్‌ఫెరిన్ కూడా చూస్తున్నాం, వాటిలో మాత్రం గీత జరిగితేనే తెలుస్తుంది.

నన్ను ఈ పనిలోకి లాగింది లూయిస్ బృందం 1988లో ప్రచురించిన ఒక ఎలుక కథ. ఇవే రెండు జాతులు, ఇదే మందు. ఒక పిల్లలో తండ్రి వైపు కార్బానిక్ యాన్‌హైడ్రేజ్ 2 గీత లేదు. దాన్ని పెంచి, పిల్లల్ని తీసి, రెండు కాపీలూ పాడైన ఎలుకలు పుట్టాక చూస్తే అవి గిడసబారి ఉన్నాయి, మూత్రపిండాలు రక్తంలోని ఆమ్లాన్ని సరిగ్గా బయటికి పంపలేకపోతున్నాయి. ఇదే ఎంజైమ్ లేని మనుషుల్లో సరిగ్గా ఈ కిడ్నీ సమస్యే ఉంటుంది. మనుషుల్లో ఎముకలు గట్టిపడిపోవడం కూడా ఉంటుంది, ఆ ఎలుకల్లో అది రాలేదు. అయినా జెల్ మీద ఒక ఖాళీ చోటు చూసి మొదలుపెట్టి, మనుషుల్లో వచ్చే ఒక జబ్బుకు నమూనా దాకా వెళ్లారంటే, ఆ ఖాళీని "ప్లేటు బాగా రాలేదులే" అని పక్కన పెట్టేయని వాళ్ల చూపు నాకు కావాలనిపించింది.

ఇంకో మాట. డీబీఏ తల్లులకు గోధుమ రంగు, రంగు వెలిసిపోవడం అనే రెండు అంతర్గత (ఒక కాపీ మంచిదైతే బయటపడని) లక్షణాలున్నాయి, తండ్రి కాపీ మంచిదైతే పిల్లలన్నీ నల్లగా పుడతాయి. తండ్రి శుక్రకణంలో ఆ జన్యువుల్లో ఒకటి చెడితే మొదటి తరంలోనే గోధుమ పిల్లో బూడిద పిల్లో కనిపిస్తుంది. రోజూ ప్రతి ఈత చూస్తున్నా. ఇప్పటిదాకా అన్నీ నల్లవే.

ఆగస్టు 8

పిల్లలకు ఆరు వారాలు నిండగానే రక్తం తీస్తున్నాం, కొద్ది చుక్కలు చాలు. రక్తంతో ఒక పెద్ద లాభం ఏంటంటే ఎలుక బతికే ఉంటుంది, అనుమానం వస్తే దాన్నే పిల్లలకు పెట్టొచ్చు. బెర్లిన్‌లో యోఆకిం క్లోజె 1975లో ఎలుక కణజాలాల ప్రొటీన్లను రెండు దిశల్లో విడదీసి వందల చుక్కలుగా చూపించాడు. తర్వాత ప్రొటియోమిక్స్‌కు (ప్రొటీన్లన్నిటినీ ఒకేసారి చూసే పనికి) పునాది అయిన ఆ రెండు దిశల జెల్‌ను ఆయన ప్రతిపాదించిందే ఇలా రసాయనాలు తెచ్చే మ్యుటేషన్లను పట్టుకోవడానికి. ఆ పద్ధతి మా ప్లాన్‌లో రెండో ఏడాదికి ఉంది.

ఇవాళ గుండె ఆగినంత పని అయింది. ఒకే ప్లేటులో మూడు పిల్లలకు హిమోగ్లోబిన్‌లో అదనపు గీత! మూడూ వేర్వేరు తండ్రుల పిల్లలు. అరగంట గాల్లో ఉన్నా. తర్వాత చూస్తే నాలుగోది కూడా అలాగే ఉంది, అది ఉత్త బఫర్ ఇచ్చిన తండ్రి బిడ్డ. నాలుగింటికీ కామన్ ఏంటంటే తొమ్మిది రోజుల పాత శాంపిళ్లు. హిమోగ్లోబిన్ పాతబడితే ఆక్సీకరణ చెంది, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల దగ్గర ఒకదానికొకటి అతుక్కుని, లేని గీతలు పుట్టిస్తుంది. సిస్టమైన్ అనే రసాయనం కలిపి మళ్లీ నడిపితే పోయాయి. బఫర్ ఎలుకల పిల్లల్ని కూడా ఎందుకు చూడాలి అని మొదట్లో విసుక్కున్నా, ఇప్పుడు ఆ మాట అనను. మూడు రోజుల లోపు శాంపిలే ప్లేటు మీదికి.

ఆగస్టు 22

కార్బానిక్ యాన్‌హైడ్రేజ్ చూసే పద్ధతి నాకు చాలా ఇష్టం. జెల్‌ను బ్రోమోథైమాల్ బ్లూలో నానబెడితే నీలంగా మారుతుంది. దాని మీద కార్బన్ డయాక్సైడ్ కరిగిన చల్లటి నీళ్లు పోస్తే, ఎంజైమ్ ఉన్న చోట ఆ వాయువు గబుక్కున ఆమ్లమై అక్కడ మాత్రం పసుపు గీత లేస్తుంది. కొన్ని సెకన్లే. ఆ తర్వాత జెల్ అంతా పసుపే. ఫోన్ కెమెరా స్టాండుకు బిగించి వీడియో తీసి, అందులోంచి సరైన ఫ్రేము పట్టుకుంటున్నా. నీళ్లు ఒక పక్క నుంచి పోస్తే ఆ చివర గీతలు ముందే కలిసిపోయి మోసం చేస్తాయి, మధ్యలో పోయాలి.

సెప్టెంబర్ 9

340 పిల్లలు అయ్యాయి. జీపీఐ ప్లేటు.

ఇది రెండు ముక్కలు జతకట్టి పనిచేసే ఎంజైమ్. పిల్లలో తల్లి ముక్కలు రెండు కలిస్తే ఒక గీత, తండ్రి ముక్కలు రెండు కలిస్తే ఇంకో గీత, తల్లిదొకటి తండ్రిదొకటి కలిస్తే మధ్యలో అన్నిటికంటే మందంగా ఇంకో గీత. సెల్యులోజ్ ఎసిటేట్ ప్లేటు మీద 12 శాంపిళ్లు, లైట్లు తగ్గించి రంగు ద్రావణం పోస్తే రెండు నిమిషాల్లో ఊదా రంగులో మూడేసి గీతలు తేలతాయి. రోజూ చూసేదే.

217కి ఒక్కటే గీత. డీబీఏ తల్లిది. తండ్రిది లేదు, మధ్యది లేదు.

ఎవ్వరికీ చెప్పలేదు. ఆగస్టులో నేర్చుకున్నది చాలు.

సెప్టెంబర్ 11

కొత్తగా రక్తం తీసి, పక్క పక్కన బీ6, డీబీఏ, రెండిటి రక్తం కలిపింది, మామూలు పిల్ల పెట్టి నడిపా. రక్తాలు కలిపిన దాంట్లో అటూ ఇటూ రెండు గీతలే వచ్చాయి, మధ్య గీత రాలేదు. అది కణం లోపల కలిస్తేనే పుడుతుంది కాబట్టి ఇలాగే రావాలి, అంటే ప్లేటు సరిగ్గా ఉంది. 217లో మళ్లీ ఒక్కటే.

బోను కలిసిపోయి డీబీఏ తండ్రి బిడ్డ ఏమైనా ఇందులో పడిందా? అది కాదు. 217 నల్లగా ఉంది. హిమోగ్లోబిన్, కార్బానిక్ యాన్‌హైడ్రేజ్, ఎస్టరేజ్ మూడింటిలోనూ తండ్రి బీ6 గీతలు చక్కగా ఉన్నాయి. తండ్రి సరైనవాడే, పోయింది జీపీఐ ఒక్కటే.

ఇప్పుడు అక్కకు చూపించా. చాలాసేపు ప్లేటు చూసి, "చెవి ముక్క చూసినవా?" అంది.

సెప్టెంబర్ 15

ఆ ప్రశ్న విలువ ఇవాళ తెలిసింది.

ఎర్ర రక్తకణానికి కేంద్రకం లేదు. పుట్టేటప్పుడు తెచ్చుకున్న ప్రొటీన్లతోనే వారాల తరబడి నెట్టుకురావాలి, కొత్తవి చేసుకోలేదు. ప్రొటీన్ తయారైనా గట్టిగా నిలబడనిదైతే రక్తంలో అది క్రమంగా అంతరిస్తుంది, మనకు "లేదు" అని కనిపిస్తుంది. చెవి చర్మం కణాలు మాత్రం రోజూ కొత్తది చేస్తూనే ఉంటాయి. కాబట్టి రక్తంలో లేనిది చెవిలో ఉందంటే, తయారవుతోంది కానీ నిలవట్లేదు.

గుర్తు కోసం చెవికి చిల్లు పెట్టినప్పుడు వచ్చే ఆ చిన్న ముక్కనే నలిపి నడిపా. తల్లి గీత గట్టిగా, మధ్య గీత పలచగా, వెలిసిపోయినట్టు. తండ్రి గీత లేదు. మూడుసార్లు నడిపా. మూడుసార్లూ పలచటి మధ్య గీత ఉంది.

అంటే తండ్రి ముక్క తయారవుతోంది. తల్లి ముక్క తోడు దొరికితే కాస్త నిలుస్తోంది, తనలాంటిదే ఇంకోటి కలిస్తే నిలవట్లేదు. నేను అలా అర్థం చేసుకుంటున్నా, ఇంకా రుజువు కాలేదు.

దీనివల్ల ప్లాన్ మొత్తం మారింది. జీపీఐ పూర్తిగా లేని పిండాలు పుట్టకముందే చనిపోతాయని పాత పనుల వల్ల తెలుసు. ఇది పూర్తి లోపమైతే రెండు కాపీలూ పాడైన పిల్ల కోసం ప్రయత్నించే పనే లేదు. కానీ మ్యూనిక్ పక్కన నాయ్‌హెర్‌బెర్గ్‌లో వాల్టర్ ప్రెచ్ బృందం ఈ ఎంజైమ్ తక్కువగా పనిచేసే ఎలుకల్ని పట్టుకుంది, అవి బతికాయి, వాటికి ఎర్ర రక్తకణాలు ముందే పగిలిపోయే రక్తహీనత వచ్చింది. జీపీఐ లోపం ఉన్న మనుషులకు వచ్చేదీ అదే. మాది ఈ రెండో రకం కావచ్చు.

ఎవరైనా అడుగుతారు, ఇప్పుడు జన్యుక్రమం మొత్తం చదివేయొచ్చు కదా, ఇంత కష్టం ఎందుకని. చదవొచ్చు. ఈఎన్‌యూ పిల్ల ఒక్కోదానిలో వేలల్లో అక్షరాల మార్పులుంటాయి. వాటిలో ఏది రక్తంలో నిలవని ప్రొటీన్‌ను చేస్తుందో ఆ జాబితా చెప్పదు. ఈ చెవి ముక్క చెప్పింది. హిరోషిమా, నాగసాకి బాధితుల పిల్లల రక్తంలో జేమ్స్ నీల్ బృందం ప్రొటీన్లు వెతికిందీ ఇలాంటి ఎలక్ట్రోఫొరెసిస్‌తోనే, అప్పట్లో వాళ్లకు వేరే దారి లేదు. నాకు ఉంది, అయినా ముందు ప్రొటీన్‌నే అడగాలి అనిపిస్తోంది.

సెప్టెంబర్ 22

217 మగది. రెండు డీబీఏ ఆడ ఎలుకలతో పెట్టా. దాని అన్న 214, మామూలుగా మూడు గీతలున్నది, ఇంకో రెండు డీబీఏలతో.

217 మామూలుదే అయితే దాని పిల్లల్లో సగానికి బీ6 కాపీ వెళ్లి రక్తంలో మూడు గీతలు రావాలి. నిజంగా మారినదైతే ఒక్కదానికీ రాకూడదు, కానీ చెవి ముక్కల్లో సుమారు సగం పిల్లలకు ఆ పలచటి మధ్య గీత కనబడాలి. అది కనబడితేనే దీన్ని వారసత్వంగా వచ్చే మ్యుటేషన్ అంటాను, లేదంటే 217 ఒంట్లో ఏదో తేడా, అంతే.

అక్టోబర్ 14

నిన్న ఒక ఈత 9, ఇవాళ ఇంకోటి 7. అన్నీ బతికే ఉన్నాయి. దీపావళి దాకా బోన్లు కదపొద్దని జంతుశాల వాళ్లకు చీటీ అంటించా, తల్లులు బెదిరితే పిల్లల్ని తినేస్తాయి. దీపావళి అంటే ఏ తేదీ అని అడిగారు. తేదీ కూడా రాశా.

మిగతా పిల్లలు కూడా పూర్తయ్యాయి, మొత్తం 412. 217 తప్ప ఇంకే అనుమానం లేదు. గోధుమ పిల్ల కూడా పుట్టలేదు.

నవంబర్ 12

ముందు 214 పిల్లలు: 14లో 6కి మూడు గీతలు, 8కి ఒక్కటి. సగం సగం, అనుకున్నట్టే.

217 పిల్లలు: రక్తంలో 16కి 16 ఒక్క గీతే. 217 మామూలుదై ఉండి ఇలా అనుకోకుండా జరగడానికి 65,536లో ఒక్క వంతు అవకాశం.

చెవి ముక్కలు సాయంత్రం నడిపా, ఎలుకల నంబర్లు కనిపించకుండా అక్క చేత శాంపిళ్లు కలిపించి. 7కి పలచటి మధ్య గీత ఉంది, 9కి లేదు. ఇద్దరం విడివిడిగా చదివాం. ఒకే ఒక్క దాని దగ్గర తేడా వచ్చింది, దాన్ని మళ్లీ నడిపితే ఉంది అనే తేలింది. ఆ 7 లెక్కలో అదీ ఉంది.

ప్లేటు ఆరాక కూడా అక్కడే కూర్చున్నా. ఫిబ్రవరిలో ఒక మూలకణంలో మారిన అక్షరం ఇప్పుడు ఏడు పిల్లల చెవుల్లో ఒక పలచటి ఊదా గీతగా కనిపిస్తోంది.

నవంబర్ 19

చేయాల్సినవి. జీపీఐ జన్యువుకు 18 ఎక్సాన్లు (ప్రొటీన్ సమాచారం ఉండే ముక్కలు), 217 డీఎన్‌ఏ నుంచి అన్నీ సీక్వెన్సింగ్‌కు వెళ్లాయి. రక్తం నుంచి తీసిన ద్రావణాన్ని వేడి చేసి ఎంజైమ్ ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. 217 శుక్రకణాలు ఫ్రీజ్ చేయించాలి, ఆ ఒక్క ఎలుకకు ఏమైనా అయితే వరస పోతుందని వారం నుంచి భయంగా ఉంది.

ఏడింటిలో 4 ఆడ, 3 మగ. వాటిని వాటిలోనే జత కడితే నాలుగో వంతు పిల్లలకు రెండు కాపీలూ మారినవి రావాలి, పుట్టేదాకా బతికితే. రక్తహీనతతో పుట్టే అవకాశం ఉంది కాబట్టి జంతు నైతిక కమిటీ అనుమతి లేకుండా జత కట్టడానికి లేదు, కట్టను కూడా. ఎన్ని రోజులకోసారి రక్తం చూస్తాం, ఏ స్థాయికి పడిపోతే బాధ పెట్టకుండా ఆపేస్తాం అన్నీ రాసి ఇవాళ దరఖాస్తు పంపా. కమిటీ డిసెంబర్ మొదటి వారంలో కూర్చుంటుంది. అప్పటిదాకా మగవి ఒక బోనులో, ఆడవి ఒక బోనులో.